థింసా వరుసలో స్త్రీ

స్త్రీ తన శరీరాన్నే కళావస్తువు చేసుకున్నప్పుడు దాన్ని నడిపించే చెయ్యి ఎవరిది? సోనియా ఖురానా 1999లో తీసిన ‘బర్డ్’ అనే చిన్న వీడియోలో ఆమె నగ్నంగా నిలబడి ఎగరబోతుంది, తూలుతుంది, పడుతుంది. అందంగా కనబడాలన్న తాపత్రయం లేదు. ఎగరాలన్న కోరికా వుంది, శరీరం బరువూ వుంది. కెమెరా ముందున్నదీ, కెమెరాకు పని చెప్పినదీ ఒకే స్త్రీ కనుక చూసేవాడి పెత్తనం అక్కడ చెల్లదు. కాని యీ ఒక్క కొలబద్దతో పాడేరు కొండలెక్కితే మన విమర్శకులు పొరబడతారు.

థింసాలో స్త్రీ ఒంటరిగా కనబడదు. పక్కామె వీపు వెనకగా చెయ్యి పోనిచ్చి అవతలి చెయ్యి అందుకుంటుంది. డప్పు, తుడుము, మోరి మోగుతుంటే ఆ వరుసంతా ఒక్క అడుగు వేస్తుంది. పోతర్ తోలాలో ఆకులేరే పని వుంది, గొడ్డి బేటలో వంగి లేవడం వుంది, బాగ్ థింసాలో పులి భయం వుంది. రోజూ కొండ మీద పాటుపడే శరీరమే ఆటలోకీ వస్తుంది. ఇదంతా చూసి మన అభ్యుదయ మిత్రులు ‘సమష్టి’ అని చప్పట్లు కొట్టి వూరుకుంటారు. ఆ వరుసలో నాలుగో మనిషికి తనదంటూ ఒక కోరిక వుందేమో అడగరు. సమష్టి పేరుతో స్త్రీ నోరు నొక్కడం మనకూ కొత్త కాదు.

అదే థింసాను అరకులో యాత్రికుల కోసం ఆడిస్తారు. వేళా, నిడివీ పెట్టించినవాడివి. చూడవచ్చినవారు తామూ వరుసలో దూరి ఫోటోలు దిగుతారు. ఆడినందుకు వచ్చేది కూలి. ఆ కూలి పుచ్చుకున్నదని నర్తకిని తప్పుపట్టడం తిన్నింటి కబుర్లు.

ఆ శరీరమే ఆడడం మాని మాట్లాడితే? 2007 ఆగస్టు 20న జి. మాడుగుల మండలం వాకపల్లిలో, గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు స్త్రీలు చెప్పారు. విచారణ జరగవలసిందేనని సుప్రీంకోర్టు అనేసరికి 2017 వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. ఆడితే కెమెరాకు ఆనిన శరీరం, సాక్ష్యం చెబితే దర్యాప్తుకు ఆనలేదు. గిరిజన స్త్రీ శరీరాన్ని గురించి రాసే కళావిమర్శ యీ పదహారేళ్ళను దాటి పోలేదు.

ఇప్పుడు కొండ పల్లెల్లోనూ ఫోన్లు వచ్చాయి. థింసా పాటలను అక్కడి యువతీయువకులే చిత్రిస్తున్నారు. వాటిలో చాలాభాగం సినిమా అనుకరణే, దాచనక్కరలేదు. అయినా, వరుస విడిచి ఎప్పుడు నిలబడాలో, తిరిగి ఎప్పుడు చెయ్యి కలపాలో ఆ పిల్లే తేల్చుకున్నట్లు తోచేవి కొన్ని వుంటాయి. వాటినే నగరంలో గోడమీద వేస్తే వీడియో కళ అంటాం; ఫోనులో చూసినప్పుడు జానపదమని పక్కన పెడుతున్నాం.