ఒత్తిడి ఎవరి భారము? – లియొనార్డ్ పెర్లిన్ పరిశోధనపై ఒక విమర్శనాత్మక పరిశీలన

హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి పరిసర సంఘాలలో ప్రార్థన విన్నపాల చీటీలు చదివే కాపరులకు ఒక సంగతి తెలుసు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చీటీలలో జ్వరాలు, పరీక్షలు, పెండ్లి సంబంధాలు ఎక్కువ. నేడు నిద్రలేమి, ప్రాజెక్టు గడువులు, ఇంటి రుణపు వాయిదాలు ఎక్కువ. మన జవాబు మాత్రము మారలేదు: ప్రార్థించండి, ఓర్చుకొనండి. ఈ జవాబును పరీక్షకు నిలబెట్టేవి గనుక అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు లియొనార్డ్ పెర్లిన్ (1924–2014) రచనలను ఇక్కడ పరిశీలిస్తున్నాము.

1. పెర్లిన్ వాదము

కార్మి స్కూలర్‌తో కలిసి పెర్లిన్ 1978లో ప్రచురించిన వ్యాసానికి షికాగో ప్రాంతములోని 2,300 మందితో జరిపిన ఇంటర్వ్యూలు ఆధారము. 1981లో సహ పరిశోధకులతో వెలువరించిన వ్యాసము "ఒత్తిడి ప్రక్రియ"ను వివరించింది. ఉద్యోగము పోవడము ఒక సంఘటన. దాని వెంట అప్పులు, ఇంటి ఇబ్బందులు వస్తాయి. అవి మనిషికి తనపై ఉన్న గౌరవాన్ని, తన బ్రతుకు తన అదుపులో ఉందన్న నమ్మకాన్ని అరగదీస్తాయి. ఆ తరువాతనే క్రుంగుబాటు. ఈ ప్రక్రియ మొదలయ్యేది మనిషి బలహీనతలో కాదు, సమాజములో అతనికి దొరికిన స్థానములో. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కల మోసాన్ని ఒప్పుకొన్నప్పుడు, ఏ తప్పూ చేయని వేలాది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్క రోజులో అనుమానములో పడడము దీనికి మన ఊరి ఉదాహరణ.

2. మనకు గద్దింపు

1978 వ్యాసములోని ఒక ఫలితము కాపరులను ఆపి ఆలోచింపజేయాలి. వ్యక్తిగత ప్రయత్నాలు భార్యాభర్తల సంబంధములోను, పిల్లల పెంపకములోను బాగా పనిచేశాయి. ఉద్యోగ విషయములో చాలా తక్కువగా పనిచేశాయి. పైగా పనికివచ్చే ఉపాయాలు విద్యావంతులకు, కలిగినవారికే ఎక్కువగా అందాయి. ఒకే టవరులో ఇంజనీరుకు ఫోనులోనైనా కౌన్సెలరు దొరకవచ్చు. గేటు దగ్గర రాత్రంతా నిలిచే కాంట్రాక్టు కాపలాదారుకు సెలవే దొరకదు.

మా సంఘములోని ఒక యువకునికి మూడు నెలలు ఓర్పును గూర్చియే బోధించాము. అతని పని గంటలు ఎన్నో ఒక్కసారి కూడా అడగలేదు. నాలుగవ నెలలో అతడు రాజీనామా చేసి, ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్లిపోయాడు. మా బోధ తప్పు కాదు. మా నిర్ధారణ తప్పు.

3. పెర్లిన్‌లో కొరత

మొదటిది కులము. ఈ రెండు వ్యాసాలలోని అసమానత ఆదాయము, విద్య, లింగభేదముల చుట్టూ తిరుగుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూలముగా క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. మన రాష్ట్రాలలో బీసీ-సి కింద ఒక్క శాతములోనే చోటు. సర్టిఫికెట్టులో ఒక మాట, ఆదివారము ఒక మాట, ఆఫీసులో ఇంటిపేరు చెప్పడానికి వెనుకాడడము – ఈ దాపరికపు బరువు షికాగో ప్రశ్నావళికి అందదు.

రెండవది విశ్వాసము. తన జీవితముపై తనకు అదుపు లేదని చెప్పేవానిని పెర్లిన్ కొలమానము బలహీనునిగా లెక్కిస్తుంది. మన బ్రతుకు ప్రభువు చేతిలో ఉన్నదని ఒప్పుకొనే విశ్వాసి కూడా ఆ లెక్కలో పడే ప్రమాదమున్నది. సమర్పణ వేరు, నిస్సహాయత వేరు. అయితే నిస్సహాయతకే మనము సమర్పణ అని పేరు పెట్టిన సందర్భాలు లేవా?

4. సంఘ పరిచర్యకు సూచనలు

నిర్గమకాండము 5వ అధ్యాయములో గడ్డి ఇవ్వక ఇటుకల లెక్క తగ్గించని ఫరో, మొర పెట్టినవారిని సోమరులన్నాడు. వ్యవస్థ దోషాన్ని వ్యక్తి దోషముగా మార్చే మాట అది. అదే గ్రంథము 18వ అధ్యాయములో యిత్రో, అలసిపోయిన మోషేకు ఓర్పును బోధించలేదు. పనిని పంచే ఏర్పాటు చేయమన్నాడు. పెర్లిన్ చెప్పినదానికి ఇది దగ్గర.

కాబట్టి ప్రార్థనకు ముందు పని గంటలు, అప్పు, నిద్ర గూర్చి అడుగుదాము. ఇంజనీరును, కాపలాదారును ఒకే గృహకూటములో కూర్చోబెడదాము. 2022లో ప్రారంభమైన టెలీ-మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను ఆరాధన పత్రికలో అచ్చువేద్దాము. వైద్యుని దగ్గరకు పంపడము అవిశ్వాసము కాదని వేదిక మీదనుండి చెబుదాము. ఆ యువకుని విషయములో మేము ఆలస్యము చేశాము, మీరు చేయవద్దు.