విక్టోరియా జీవితచరిత్రలు: మిగిలిన పత్రాలు, మిగలని పత్రాలు

బ్రిటిష్ రాజకుటుంబంపై సామాన్య పాఠకుల కోసం వెలువడే చరిత్ర గ్రంథాలను అంతఃపుర కబుర్లుగా భావించి విద్వల్లోకం తరచు తోసిపుచ్చుతుంది. ఈ తీర్పు శైలిని మాత్రమే పరిగణిస్తుంది. ఈ గ్రంథాల మౌలిక సమస్య ఆధారాలకు సంబంధించినది. చరిత్రకు విషయమైన కుటుంబమే ఆ చరిత్రకు ఆధారమైన పత్రాలకు కూడా యజమాని. విండ్సర్ కోటలోని రాజకుటుంబ పత్రాగారానికి బ్రిటన్ సమాచార స్వేచ్ఛా చట్టం వర్తించదు. కనుక ఇటువంటి ప్రతి గ్రంథాన్నీ అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: రచయితకు ఈ సంగతి ఎలా తెలిసింది? విక్టోరియా రాణి (పాలనాకాలం 1837-1901) జీవితచరిత్రలు ఈ పరిశీలనకు తగిన క్షేత్రం.

రాణి మరణానంతరం ఆమె లేఖలను ఎ.సి. బెన్సన్, లార్డ్ ఎషర్ పరిష్కరించి 1907లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. అవి 1861 వరకే పరిమితం. ఏ లేఖలు చేరాలో, ఏవి తొలగాలో నిర్ణయించిన దృష్టి ఆ ఇద్దరు పురుషులది. ఆ ఎంపిక రాణి స్వరూపాన్ని ఎలా మలచిందో ఈవాన్ వార్డ్ 2014లో ఒక ప్రత్యేక గ్రంథంలో చర్చించారు. రాణి దినచర్యల గతి మరింత విచారకరం. చిన్న కుమార్తె బియాట్రిస్ వాటిని 111 సంపుటాలుగా తిరగరాస్తూ, అనుచితమని తోచిన భాగాలను విడిచిపెట్టి, మూలప్రతులను తగులబెట్టింది. రాణి మాటలుగా నేడు ఉటంకించబడుతున్న వాటిలో అధికభాగం కుమార్తె వడపోత దాటి వచ్చినవే.

లిట్టన్ స్ట్రేచీ 1921లో ప్రకటించిన విక్టోరియా జీవితచరిత్ర ప్రధానంగా ముద్రిత ఆధారాలపై నిలిచింది. పత్రాల కొరతను ఆయన కథనకౌశలంతో పూరించాడు. అవసానదశలో రాణి మనసులో మెదిలి ఉండగల స్మృతులను చిత్రించిన చివరి ఘట్టం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అయితే అది ఊహ అని ఆయన వాక్యనిర్మాణమే సూచిస్తుంది. తరువాతి జనప్రియ రచయితలలో పలువురు ఆయన నాటకీయతను స్వీకరించారు గాని, ఈ నిజాయితీని స్వీకరించలేదు.

శ్రాబణి బసు రచించిన ‘విక్టోరియా అండ్ అబ్దుల్’ (2010) మరొక మార్గాన్ని చూపింది. 1887లో పరిచారకుడిగా ఇంగ్లండు చేరిన ఆగ్రావాసి అబ్దుల్ కరీం, అనతికాలంలోనే రాణికి ఉర్దూ నేర్పే మున్షీ అయ్యాడు. రాణి మరణించగానే, ఆమె అతనికి రాసిన లేఖలను ఏడవ ఎడ్వర్డ్ ఆజ్ఞపై దహనం చేశారు. అయినా రాణి ఉర్దూ అభ్యాసపు పుస్తకాలు విండ్సర్‌లో మిగిలాయి. ఆ లిపి తెలియని పూర్వ జీవితచరిత్రకారులకు అవి మూగపత్రాలు. బసు వాటిని ఆధారాలుగా మలచుకున్నారు. తొలిముద్రణ తరువాత కరీం దినచర్య కరాచీలోని అతని బంధువుల వద్ద లభించింది. రాజప్రాసాదం చెరపదలచిన జాడ మరో భాషలో, మరో దేశంలో నిలిచి ఉండడం పరిశోధకులు గ్రహించవలసిన పాఠం.

ఈ గ్రంథానికి ఒక పరిమితి ఉంది. రాణికీ మున్షీకీ మధ్య ఆత్మీయత కేంద్రమైనప్పుడు, సామ్రాజ్యం ఆ ఆత్మీయతకు నేపథ్యంగా కుదించుకుపోతుంది. 2017 నాటి చలనచిత్రంలో ఈ కుదింపు మరింత స్పష్టం. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన వేళ మద్రాసు ప్రెసిడెన్సీ ఘోర క్షామంలో ఉంది. రాయలసీమ ప్రజలు దానిని నేటికీ ధాత కరువుగా స్మరిస్తారు. ఆ చరిత్రకు ఆధారాలు ప్రెసిడెన్సీ దస్త్రాలలో, 1880 నాటి క్షామ కమిషన్ నివేదికలో, జనశ్రుతిలో ఉన్నాయి. ఒక సేవకునిపై రాణి చూపిన ఆదరం యథార్థమే కావచ్చు. అది ఆమె పేరిట సాగిన పాలనకు సాక్ష్యం కాజాలదు.

జనప్రియ రాజచరిత్రలను పాఠ్యసూచికలలో చేర్చే అధ్యాపకులు, సిద్ధాంతవ్యాసాలలో ఉటంకించే పరిశోధకులు రెండు అంశాలను పరీక్షించాలి. మొదటిది, దగ్ధమైన పత్రాల స్థానంలో రచయిత ఏమి ఉంచాడు, దానిని ఊహగా ప్రకటించాడా అన్నది. రెండవది, రాజకుటుంబ పత్రాగారం వెలుపల ఉన్న సాక్ష్యాన్ని వెదికాడా అన్నది. ఈ పరీక్షకు నిలిచిన గ్రంథం ఎంత సులభశైలిలో ఉన్నా చరిత్రే. నిలవనిది ఎంత ప్రామాణికంగా కనిపించినా, కుటుంబం తన గురించి తాను చెప్పదలచిన కథకు మరొక ప్రతి మాత్రమే.