మంట తీసిన పిమ్మట

తెలుగింట కాఫీ యనగా డికాక్షను. డికాక్షను అనగా ఇత్తడి ఫిల్టరు. రాత్రి పరుండబోవు ముందు పై గిన్నెలో పొడి వేసి, దానిపై చిల్లుల బిళ్ళ నమర్చి, కాగిన నీరు పోసి మూత పెట్టినచో, తెల్లవారునప్పటికి క్రింది గిన్నెలో చిక్కని రసము బొట్టుబొట్టుగ దిగి సిద్ధమై యుండును. ఆ క్రియ యంతయు లోహపు గోడల చాటున జరుగును గనుక పొడికిని నీటికిని నడుమ నేమి జరిగినదో చూచినవారు లేరు; చూడవలెనను కోరికయు ఎవరికిని కలుగలేదు. నేను ఆ కాఫీతోనే పెరిగితిని. నేటికిని ఉదయమున దానినే త్రాగుచుందును. అయినను కొంతకాలముగా, సాయంకాలము తీరిక చిక్కినపుడెల్ల, మా భోజనపు బల్లమీద రెండు గాజుపాత్రలను ఒకదానిపై నొకటి నిలిపి, క్రింద స్పిరిటు దీపము వెలిగించి, కాఫీ పుట్టుకను ఆద్యంతము కన్నులార చూచుట నాకొక వ్రతమైనది. ఈ వారము ఆ సాధనమును గూర్చియే వ్రాయదలచితిని.

సైఫను అని వ్యవహరింపబడు నీ పరికరమున, స్తంభమునకు బిగింపబడిన గుండ్రని బుడ్డి యొకటి క్రింద నుండును. దాని మూతికి రబ్బరు బిరడాతో గట్టిగ నతుకుకొను గిన్నె పైన నుండును. ఆ గిన్నె యడుగునుండి గాజుగొట్టమొకటి బుడ్డి యడుగును తాకీతాకనట్లు దిగియుండును. గొట్టపు పై మూతిపై గుడ్డ చుట్టిన వడపోత బిళ్ళ కూర్చుండును. ఆ బిళ్ళకు సన్నని పూసలగొలుసు కలదు. దానిని గొట్టము గుండ జారవిడిచి, కొననున్న కొక్కెమును గొట్టపు అంచునకు తగిలింపవలెను. ఈ గొలుసు బిళ్ళను కదలనీయక పట్టియుంచుటయే గాక మరియొక యుపకారము చేయును. నునుపైన గాజుపాత్రలో నీరు ఒక్కొక్కప్పుడు మరుగవలసిన వేడిమిని దాటియు నిశ్చలముగ నుండి, హఠాత్తుగ నెగసిపడును. గొలుసు నీట మునిగియున్నచో దాని పూసలచుట్టు చిన్నచిన్న బుడగలు నిరంతరము పుట్టుచుండుటచేత ఆ ప్రమాదము తప్పును. ఆ బుడగలు వరుసగట్టి గొలుసు వెంబడి పైకి ప్రాకుట కనబడినంతనే, అంతవరకు ఏటవాలుగ నానించియుంచిన పై గిన్నెను నిటారుగ నిలిపి బిగింపవలెను.

అటుపై జరుగు దానిని మొదటిసారి చూచిన వారెవరైనను కుర్చీ ముందునకు లాగుకొందురు. క్రింది నీరు కదలి, గొట్టములో నిలువున లేచి, చూచుచుండగనే పై గిన్నెను నింపును. బుడ్డిలోని గాలియు, నీటినుండి పుట్టిన యావిరియు వేడికి వ్యాకోచించును; వెలికిపోవుటకు వానికున్న దారి గొట్టమొక్కటియే; ఆ గొట్టపు కొన నీట మునిగియున్నది గనుక, తాము పోలేక, నీటిని ముందునకు త్రోయును. దీనికి గొప్ప బలము అక్కరలేదు. మన నెత్తిన నిత్యము మోయుచున్న వాయుమండలపు టొత్తిడి సుమారు 10 మీటర్ల నీటిస్తంభమును నిలుపగలది. నీరిచ్చట ఎక్కవలసినది జానెడెత్తు మాత్రమే గనుక అందులో ఏబదవవంతు అధికమైన యొత్తిడి చాలును. కావుననే నీరు తెర్లిపొర్లక పూర్వమే, ఇంచుమించు 90 డిగ్రీల వేడిమికడనే, ఎక్కి పొడిని చేరును. నీరంతయు మాత్రము ఎక్కదు. గొట్టపు కొనకు దిగువనున్న కొలదిపాటి నీరు అడుగుననే నిలిచి మరుగుచు ఆవిరిని పంపుచుండును. మంట యున్నంతసేపును పై నీటిని దిగిరానీయక మోయునది ఆ యావిరియే.

ఈ యుపాయము జర్మనీ దేశమున 1830వ దశకమున పుట్టినది. ఫ్రాన్సులోని లియోను నగరమునకు చెందిన శ్రీమతి వాస్యూ పేర 1840వ దశకపు తొలినాళ్లలో పేటెంటైన పాత్ర, గాజుబుడ్డిపై గాజుబుడ్డి నిలిచి, నేటి రూపమునకు మూలమనదగి యుండెను. ఆ కాలపు గాజు వేడికి తాళలేక తరచు పగులుచుండుటచేత ఇది చాలకాలము కలవారి విందుబల్లలకే పరిమితమైనది. ఇరువదవ శతాబ్దమున బోరోసిలికేటు గాజు వంటయింటికి వచ్చిన పిమ్మట, అనగా 1915లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ పైరెక్స్ పాత్రల నమ్మనారంభించిన తరువాత, ఆ చిక్కు తీరినది. ఆ గాజు వేడికి వ్యాకోచించుట సాధారణమైన గాజులో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. యూరపు అమెరికాలు పిదప సులువైన పద్ధతులకు మరలి దీనిని మరచుచుండగా జపాను దేశము చేరదీసినది. అచ్చట 1925లోనే కోనో కంపెనీ వారు సైఫను నమ్మజొచ్చిరి. ప్రయోగశాలల గాజుసామాను చేయుచు వచ్చిన హారియో వారు 1949లో తమ సైఫనును వెలువరించిరి. కిస్సాతెన్ అనబడు అచ్చటి పాతకాలపు కాఫీశాలలలో యజమాని యొక్కొక్క అతిథికిని విడిగ సైఫను వెలిగించి, వెదురు గరిటె చేతబూని నిలుచుట నేటికిని కలదు. నా బల్లమీదనున్నదియు ఆ పరంపరలోనిదే.

నా పద్ధతిని చెప్పెదను. 360 మిల్లీలీటర్ల నీటికి 24 గ్రాముల పొడి కొలత. గింజను అప్పటికప్పుడు చేతిమరలో ఆడింతును. పొడి ఇత్తడి ఫిల్టరునకు వాడుదానికంటె కొంచెము బరకగా నుండవలెను, మిక్కిలి మెత్తనైనచో గుడ్డ రంధ్రములు పూడుకొని కాఫీ దిగకుండును. నీటిని పొయ్యిమీదనే వేడిచేసి బుడ్డిలో పోసినచో స్పిరిటును కాలమును మిగులును. దీపము పెట్టుటకు ముందు బుడ్డి వెలుపలి తడిని పొడిగుడ్డతో మిగులకుండ తుడువవలెను. వేడెక్కిన గాజుపై నొక నీటిబొట్టు నిలిచియున్నను పగులు పుట్టవచ్చును. నీరెక్కిన పిమ్మట మంట తగ్గించి, పొడి వేసి, వెదురు గరిటెతో ఎండుపొడి యెచ్చటను తేలకుండ తడియునట్లు కలుపుదును. అంతట గిన్నెలో మూడు పొరలు తేటపడును: పైన లేత గోధుమవన్నె నురుగు, దాని క్రింద ఉబ్బిన పొడి, ఆ క్రింద తేనెరంగున తేరుకొనుచున్న కాఫీ. పొరలు ఈ విధముగ విడివడినచో కలుపుట సరిగ జరిగినదని యర్థము.

ఇక మంటను ఎప్పుడు తీయవలెననునది ఈ విద్యలో సర్వస్వము. నిమిషమునకు కొంచెము ముందని గడియారము చెప్పును, కాని గడియారమునకు గింజ సంగతి తెలియదు. లేతగ వేచిన గింజ మరికొన్ని క్షణములు కోరును. నల్లగ వేచినది అంతకు ముందే తన సారమిచ్చివేసి చేదునకు దిగును. నేను వాసనను నమ్ముదును. పొడి తడిసినంతనే గుప్పుమని లేచు తీయని సుగంధము క్రమముగ నెమ్మదించి, దానియందు కొయ్యవాసన యొకింత తలయెత్తబోవు క్షణమున దీపము తొలగించి, గరిటెతో మరియొకసారి గుండ్రముగ త్రిప్పి విడిచిపెట్టుదును. ఇప్పుడు బుడ్డి చల్లబడును. ఆవిరి నీరైనచో దాని పరిమాణము వేయింతలకు పైగ తగ్గును గనుక లోపలి యొత్తిడి క్షీణించును; వెలుపలి వాయువు పై కాఫీని గుడ్డ గుండ వేగముగ క్రిందికి త్రోయును. మంట చేసిన పనియెంతో మంట తీయుట చేసిన పనియు నంతయే. చివరి బొట్లవెంట గాలి చొరబడి బుడ్డిలో నురుగు పొంగును; పై గిన్నెలో పిప్పి మధ్య నుబ్బి గోపురాకృతిగ మిగులును.

ఇట్లు దిగిన కాఫీ మిక్కిలి తేటగ నుండును. దానికి పాలు పోయుట నా కిష్టము లేదు; దీనికి కారణము జపాను వారి యాచారము కాదు, మన అరకు కొండలు. తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున, సిల్వరు ఓకు చెట్ల నీడను, ఆ మ్రాకులకే అల్లుకొన్న మిరియపు తీగల నడుమ, గిరిజన కుటుంబములు అరబికా కాఫీని పెంచుచున్నవి. పండు ఎఱ్ఱబడిన దానిని మాత్రమే చేతితో ఏరి కోయుదురు; కొమ్మనున్న కాయలన్నియు ఒక్కసారి పండవు గనుక ఒకే చెట్టుకడకు పలుమార్లు పోవలెను. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. పారిసు నగరమున దాని పేరిట కాఫీశాలయే వెలసినది. కాని ఆ కొండల క్రిందనే, విశాఖపట్టణమున నివసించు మనము ఆ గింజ రుచి యెట్టిదో యెరిగియున్నామా? మన మార్కెట్టులోని కాఫీ మిశ్రమమున నూటికి 49 వంతులవరకు చికోరీ యుండుటకు చట్టము సమ్మతించును. ఆపై పాలు, ఆపై పంచదార. ఆ మూటిని భరించి పలుకగల గొంతు ఆ సుకుమారమైన గింజకు లేదు. చికోరీ కలిసిన డికాక్షనుకు దాని యందము దానికున్నది, దానిని నేను విడువను. కాని కొండమీద ఒక యిల్లాలు పండు పండుగా ఏరిన శ్రమ యొక్కసారియైన తన సొంత రుచితో మన నాలుక చేరవలెనని నా గాఢమైన కోరిక. అందులకు ఈ గాజుపాత్రకంటె తగిన దానిని నేనెరుగను.

మా మేనత్త విజయనగరమునుండి వచ్చియుండగా ఆమె యెదుటనే సైఫను వెలిగించి కప్పు చేతికిచ్చితిని.

"ఇదేట్రా అబ్బాయీ, పాలు పొయ్యవా?"

"ముందు రెండు గుక్కలు ఇలాగే తాగి చూడత్తా. బాగోకపోతే అప్పుడు పోస్తాను."

ఆమె త్రాగి, కొంతసేపు మాటలాడక, మరల త్రాగినది. "చేదేం లేదురా. నారింజ తొక్క గిల్లినప్పుడు వస్తుందే, ఆ వాసన వస్తోంది. చల్లారేకొద్దీ ఎక్కువౌతోంది కూడానూ."

చల్లారుకొలది పులుపును తీపియు తేటపడుట మంచి గింజకు లక్షణమని నేను చదివి తెలిసికొంటిని; ఆమె త్రాగి తెలిసికొనెను. రెండవ కప్పున పాలు పోయించుకొని, అదియు సంతోషముగ త్రాగెను.

సైఫను కొనదలచువారు గుడ్డను గూర్చి ముందుగ తెలిసికొనవలెను, ఏలయన గాజు పగులుటకంటె గుడ్డ చెడుటయే తరచు జరుగును. క్రొత్త గుడ్డను వాడుటకు ముందు నీట మరిగించి గంజి వదలింపవలెను. ప్రతి పర్యాయము వాడిన తోడనే వేడినీట కడుగవలెను. సబ్బు తగులనీయరాదు, ఆ వాసన నూలులో నిలిచిపోవును. ఎండబెట్టినచో దారములలోని కాఫీనూనె గాలికి ముక్కిపోవును గనుక, మంచినీటి గిన్నెలో ముంచి ఫ్రిజ్జులో నుంచి, దినదినము నీరు మార్చుట మేలు. ఎంత శ్రద్ధ వహించినను రంధ్రములు క్రమముగ పూడుకొనును. మంట తీసిన పిమ్మట కాఫీ దిగుటకు నిమిషమునకు మించి పట్టుచున్నదనిన ఆ గుడ్డకు కాలము చెల్లినట్లే. బిళ్ళకు క్రొత్తది చుట్టి, దారము లాగి ముడివేయవలెను.