ఒత్తు తెగని బటన్

మంగంపేట ముగ్గురాయి మిల్లులో పనిచేసే మనిషి, వేళ్లకు రాతిపొడి అంటి ఉండగా, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోను తీస్తే తెర ఎలా కనబడాలి? ఈ ప్రశ్నతో పని మొదలుపెట్టే ఇంటర్‌ఫేస్ డిజైనర్లంటే నాకెంతో గౌరవం.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో ప్రారంభించింది. చాట్‌లో గీసేది తక్కువ. ఏది ముందు అడగాలి, ఏ మాటలో అడగాలి అన్నదే అసలు డిజైన్.

అదే ఏడాది మేలో తెరలు గీసిపెట్టే ఏఐ పనిముట్లు గూగుల్ స్టిచ్, ఫిగ్మా మేక్ వచ్చాయి. కావలసింది నాలుగు వాక్యాల్లో చెబితే తెర సిద్ధం. పెట్టెలు గీసి, జరిపి, మళ్లీ సర్దే చాకిరీ తగ్గింది. చాలా మంచిదే.

అయితే ఇంగ్లిష్ కొలతలతో కట్టిన తెరలో తెలుగు పెట్టి చూడండి. ‘అప్లై’ పట్టినంత చోట ‘దరఖాస్తు చేయండి’ ఇమడదు. ‘రాష్ట్రం’ అన్నప్పుడు షకారానికి ట ఒత్తు, ర ఒత్తు రెండూ తగులుతాయి. వరుస ఎత్తు చాలకపోతే బటన్ అంచు దగ్గర అవి తెగిపోతాయి. పనితెలిసిన డిజైనర్ వరుసను పెంచుతాడు, బటన్‌ను రెండు వరుసలకు సాగనిస్తాడు, చవక ఫోనులో చూశాకే సరేనంటాడు. ఈ పట్టింపే నాకు ముచ్చట.

ఏఐ వల్ల మిగిలిన గంటల్లో డిజైనర్ రైల్వే కోడూరు వెళ్లాలి. బొప్పాయి రైతు పక్కన కూర్చుని, అతను ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో చూసి, దాన్ని తిరగరాయాలి. ఆ తీరికకు యాజమాన్యాలు జీతం ఇవ్వాలి.