బాటకు సాక్ష్యం ఎవరు?

కొండబాటల మీద వచ్చే రాతల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: మనిషి అడుగు పడని చోటు. మనిషి అడుగు పడకుండా అక్కడ బాట ఎలా పడిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ మధ్య మన పిల్లలు కూడా వంజంగి ఫొటో కింద, లంబసింగి వీడియో కింద ఇదే మాట రాస్తున్నారు. తాత పసుపు కావిడి మోసుకుని సంతకు నడిచిన దారిని మనవడే అలా రాస్తున్నాడు. అందుకే ఈ మాట ఎక్కడ నుంచి వచ్చిందో ఒకసారి చూడాలి.

కాలినడకను సరదాగా, సాహిత్యంగా, చివరికి చట్టంగా కూడా మార్చుకున్న దేశాల్లో ఇంగ్లండ్ ముందుంటుంది. అక్కడ పెనైన్ వే అని ఒక పొడవైన బాట ఉంది. ఈడేల్ అనే ఊరి దగ్గర మొదలై ఉత్తరానికి 268 మైళ్లు, అంటే సుమారు 431 కిలోమీటర్లు, స్కాట్లాండ్ సరిహద్దు దాటి కిర్క్ యెథోమ్ దాకా పోతుంది. గుండ్రటి కొండలు, లోయలు, నాటిన అడవులు, మధ్యలో మూర్ అని పిలిచే బీడు. మూర్ అంటే చెట్లు లేని ఎత్తు నేల. కింద పీట్ అనే నల్లటి తడి మట్టి, పైన హీదర్ అనే పొట్టి పొద. టామ్ స్టీఫెన్‌సన్ అనే పత్రికా రచయిత 1935లో డైలీ హెరాల్డ్ పత్రికలో, అమెరికాలో అపలాచియన్ బాట ఉన్నట్టు మనకూ ఒకటి కావాలని వ్యాసం రాశాడు. బాట పూర్తయి తెరుచుకునేసరికి 1965 వచ్చింది. ఒక వ్యాసం బాట కావడానికి 30 ఏళ్లు!

ఈ బాట మీద వచ్చిన పుస్తకాల్లో ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ 1968లో వేసిన గైడు పేరున్నది. దాన్ని చివరి పేజీ నుంచి ముందుకు చదవాలి. నడక దక్షిణం నుంచి ఉత్తరానికి కాబట్టి, పటం కింద నుంచి పైకి పోతుంది కాబట్టి, పుస్తకం కూడా అలాగే నడుస్తుంది. కాలికి తగ్గట్టు పుస్తకాన్ని తిప్పిన ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. మన సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో పటాలు వేసేవాళ్లు చూడాల్సిన పని ఇది. ఆయనకు ఈ బాట పెద్దగా నచ్చలేదు, ఒకచోట పీట్ బురదలో కూరుకుపోతే కాపలా ఉద్యోగి వచ్చి లాగాల్సి వచ్చింది. నచ్చని దారిని కూడా శ్రద్ధగా రాశాడు. కానీ ఆయన రాతలో నడిచేవాడికి తగిలే గోడ, గేటు, వాగు ఉన్నంతగా ఆ కొండ మీద బతికేవాళ్లు ఉండరు. బాటను ఒంటరివాడి సుఖంగా చూసే చూపు అది. మన ట్రెక్కింగ్ రాతలకు ఆయన శ్రద్ధ రాలేదు గానీ ఆ ఒంటరితనం మాత్రం వచ్చింది.

నిజానికి ఆ మూర్ ఖాళీ కాదు, ఎవరూ ముట్టని నేల కూడా కాదు. వేల ఏళ్ల కిందట అక్కడ చెట్లు ఉండేవి. నరకడం, మేపడం, తడి పెరగడం వల్ల బీడు అయింది. తర్వాత భూస్వాములు దాన్ని గ్రౌజ్ అనే పిట్ట వేట కోసం ఉంచుకున్నారు. మన కౌజు పిట్టకు చుట్టం లాంటిది గ్రౌజ్. దానికి లేత హీదర్ చిగురు కావాలి. అందుకని వేట కాపలాదారులు కొండను ముక్కలు ముక్కలుగా తగలబెడతారు. లోతైన పీట్ మీద నిప్పు పెట్టడాన్ని 2021లో ఇంగ్లండ్ ప్రభుత్వం కొంత కట్టడి చేసింది, అయినా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. తిండి గింజల కోసం మనం కొండవాలు కాల్చి సామలు చల్లితే పాఠ్యపుస్తకంలో అది అడవుల విధ్వంసం. వేట సరదా కోసం దొర కొండను కాలిస్తే దాని పేరు భూ నిర్వహణ.

ఆ కొండల్లో కిండర్ స్కౌట్ ఒకటి. మాంచెస్టర్, షెఫీల్డ్ ఊళ్ల మధ్య ఉంటుంది. వారమంతా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసిన కుర్రవాళ్లకు ఆదివారం కంటికి కనిపించేది ఆ కొండే. ఎక్కడానికి మాత్రం వీల్లేదు. 1932 ఏప్రిల్ 24న సుమారు నాలుగు వందల మంది కలిసి ఎక్కారు. కాపలాదారులతో తోపులాట జరిగింది. ఒకరి నేల మీద అడుగుపెట్టడం అప్పుడు జైలుకు పంపే నేరం కాదు, అందుకని అల్లర్లు, దాడి లాంటి కేసులు పెట్టారు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల శిక్ష పడింది. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పుడు 20 ఏళ్లు, నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఈ చొరబాటు వల్లే హక్కు వచ్చిందని కొందరు పాటలు కట్టారు. స్టీఫెన్‌సన్ మాత్రం అలా ఒప్పుకోలేదు, ఓపిగ్గా చట్టం కోసం పనిచేసినవాళ్లను మరిచిపోతున్నారని ఆయన బాధ. ఇద్దరిలో ఒకరే నిజమని నేననుకోను. 1949లో చట్టం వచ్చింది. కొండలు, మూర్‌లలో బాట విడిచి కూడా తిరిగే హక్కు 2000 చట్టంతో గానీ రాలేదు, అదీ ఇంగ్లండ్ నేలలో సుమారు 8 శాతానికే.

అక్కడ నడిచినందుకు జైలుకు పోతే, దానికి పదేళ్ల ముందు మన గూడెం కొండల్లో ఇంకో కథ నడిచింది. రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకుండా మనవాళ్లను పిండారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడటానికి వెనక ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒకటి, అడవి మీద ఆంక్షలు ఇంకొకటి. అల్లూరి సీతారామరాజు గురించి పాఠం చెప్పేటప్పుడు బాణాల గురించి ఎంత చెప్తామో ఆ రోడ్డు గురించి కూడా అంత చెప్పాలి.

అయితే పెనైన్ వేను మన కొండకు అలాగే తెచ్చి అతికించడానికి లేదు. వాళ్లకు కాలిబాట సెలవురోజు. మనకు అదే ఆసుపత్రి దారి, రేషను దారి, బడి దారి. నొప్పులొచ్చిన తల్లిని డోలీలో మోసే చోట కాలిబాట అందం గురించి రాస్తే ఆ ఇంటివాళ్లు ఏమనుకుంటారు? రోడ్డు రావాలి. రోడ్డు అడిగే నోటితోనే పాత బాటల గురించి కూడా అడగొచ్చు. ఎందుకంటే రోడ్డు ఊరిని మండలానికి కలుపుతుంది గానీ ఊరిని దుంపల చోటికి, ఊటనీటికి, మొక్కే చెట్టుకు, పాతిపెట్టిన పెద్దలకు కలపదు.

ఇంగ్లండ్ నుంచి మనం నేర్చుకోదగ్గది నా లెక్కన పేరున్న పెద్ద బాట కాదు, ఊరి చిన్న బాటలను కాగితం మీదికి తెచ్చిన పని. 1949 చట్టం ప్రకారం ప్రతి జిల్లా కాలిబాటల పటం తయారు చేయాల్సి వచ్చింది. ఊరి మండళ్ల సాయంతో ఏ బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాశారు. 20 ఏళ్లు జనం అడ్డు లేకుండా హక్కుగా నడిచిన దారిని ప్రజాబాటగా ఒప్పుకునే చట్టమూ అక్కడ ఉంది. అంత చేసినా చాలా తప్పిపోయాయి. రాంబ్లర్స్ అనే నడక సంఘం పాత పటాలను కొత్త పటాలతో పోల్చి చూసి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 49,000 మైళ్లకు పైగా బాటలు నమోదు కాకుండా పోయి ఉండొచ్చని తేల్చింది. చదువు, పటాలు, కోర్టులు అన్నీ ఉన్న దేశంలో ఇది పరిస్థితి.

మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. దాని నిబంధనల్లో 13వది చదవండి, ముఖ్యంగా టీచర్లు. సామూహిక హక్కుకు సాక్ష్యాలుగా మేత భూములు, దుంపలు, ఆకులు ఏరుకునే చోట్లు, నీటి చోట్లు, పవిత్రమైన చెట్లు, శ్మశానాలు చెప్పారు. పెద్దలు చెప్పిన మాట రాసిపెడితే అది కూడా సాక్ష్యమే. ఇవన్నీ చుక్కలనుకుంటే వాటిని కలిపే గీత బాట. నేను చూసిన హక్కుల పటాల్లో చుక్కలు ఉన్నాయి, గీతలు తక్కువ. అటవీ బీట్ నెంబరు ఉంటుంది, బాట పేరు ఉండదు.

ఏడో తరగతి పిల్లలకు ఈ పని ఇచ్చి చూడండి. ఇంట్లో తాతనో అవ్వనో అడిగి ఒక్క బాట రాయమనండి: ఎక్కడ నుంచి ఎక్కడికి, ఏ నెలలో నడుస్తారు, ఎక్కడ కావిడి దించుతారు, వాన పడితే ఎటు తిరుగుతారు, ఎప్పటి నుంచి, ఇప్పుడు ఎవరు ఆపుతున్నారు. రాసిన కాగితం మీద తేదీ వేసి, చెప్పినవాళ్ల వేలిముద్రో సంతకమో తీసుకుని గ్రామసభ పుస్తకంలో పెట్టించాలి. పేరు ఏ భాషలో రాయాలని పేచీ వస్తుంది. కువి ఇంట్లో ఒక పేరు, ఆదివాసీ ఒడియా ఇంట్లో ఇంకో పేరు, ఫారెస్టు వాళ్ల నోట మూడో పేరు. మన ఇళ్ల పేర్లు రెండూ తెలుగు లిపిలో పక్కపక్కన రాయించి, ముసలివాళ్లకు పైకి చదివి వినిపించి, పలుకు తప్పు ఉంటే అక్కడే దిద్దించండి.