చెవికి మిగిలిన తెలుగు: కొన్ని ఆల్బములపై మా అభిప్రాయములు

మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములకు ఒక విశేషము కలదు. విజయనగర ప్రభువుల నాడును, నాయకరాజుల నాడును దక్షిణమునకు తరలివచ్చిన పూర్వుల భాష నేటికిని మన వంటయింటను, పెండ్లిపందిటను వినబడుచునే యున్నది. అక్షరము మాత్రము పెక్కుమంది చేతినుండి జారిపోయినది. బడిలో తమిళమును, ఆంగ్లమును చదివిన బిడ్డకు తెలుగు చెవి యెరిగిన భాషయే గాని కన్నెరిగిన భాష కాదు. కావున గ్రంథము చేయవలసిన పనిలో సగము మన యిండ్లలో పాటల రికార్డు చేయుచున్నది. ఈ దృష్టితో కొన్ని ఆల్బములను విని, మాకు తోచినది క్లుప్తముగా మనవి చేయుచున్నాము. మేము సంగీతశాస్త్రము చదివినవారము కాము. గుమాస్తాపని చేసి విశ్రాంతి గైకొన్నవారము. పలికిన మాట బిడ్డకు తెలియునా లేదా యనుటయే మా కొలబద్ద.

మొదట చెప్పదగినది, 1916లో మధురలో జన్మించిన శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి ‘బాలాజీ పంచరత్నమాల’. తిరుమల తిరుపతి దేవస్థానముల పూనికతో వెలువడిన యీ రికార్డులలో అన్నమాచార్యుల సంకీర్తనలు కలవు. తమిళనాట పెరిగిన ఆమె తెలుగు ఒత్తులను, దీర్ఘములను పలికిన శ్రద్ధ, తెలుగిండ్ల పుట్టిన మనకు సిగ్గు గలిగించునంతటిది. కొరత యొక్కటే. అన్నమయ్య పలుకుబడి ఐదువందల యేండ్ల నాటిది. అర్థము చెప్పువారు లేరు. పిల్లలు చేతులు జోడించి వినుచున్నారు గాని, వినినదేమో చెప్పలేకున్నారు.

ఆ కొరతను తీర్చినది ఘంటసాలవారి ‘భగవద్గీత’. 1974లో కీర్తిశేషులైన ఆ మహాగాయకుడు జీవితపు తుదిదశలో పాడినదిది. శ్లోకము పాడి, వెంటనే తెలుగున తాత్పర్యము చెప్పును. తొందర లేదు, ప్రతి పదము విడివిడిగా చెవిని పడును. అక్షరము రాని యింట దీనిని మించిన తెలుగు వాచకము మాకు కానరాలేదు. అయినను అది సభలో పలుకు తెలుగు. అమ్మ అన్నము పెట్టుచు పలుకు తెలుగు కాదు.

ఇక మాటలు లేని సంగీతము. పాలకొల్లున పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, ఆంగ్లేయుడైన జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందమున వాయించిన ‘ది బిలీవర్’ 2000లో వెలువడినది. ఇచ్చట మా కొలబద్ద పని చేయదు. వ్రేళ్ల వేగమును చూపుటకే వాయించిన ఘట్టములు కొంత విసుగు గొల్పినవి. తక్కిన చోట్ల, భాష వేరైన ఇద్దరు పొరుగువారు అరుగుపై కూర్చుండి కుశలమడుగుకొనినట్లున్నది. తమిళుల నడుమ బ్రదికిన మనకు ఆ సుఖము క్రొత్త కాదు.

మనుమల గదులనుండి వెలువడు మెటల్ సంగీతమునుగూడ విడువలేదు. బ్లాక్ సబ్బాత్ బృందపు తొలి ఆల్బము 1970 నాటిది. వారిది బర్మింగ్‌హామ్, యంత్రశాలల పట్టణము. గిటారు వాయించు టోనీ అయోమీ రేకుల కర్మాగారములో రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొని, వానికి తొడుగులు వేసికొని వాయించినాడు. మిల్లులు, ఫౌండ్రీలు గల కోయంబత్తూరివారు దీనిని వట్టి రొద యని తీసివేయరాదు. మాట మునిగిపోయినది, రెండవమారు వినుటకు మాకు ఓపిక లేదు. అయినను తమ యూరి శబ్దమును రికార్డు కెక్కించిన పనితనమును కాదనజాలము.

తుదకు హిప్ హాప్. హైదరాబాదు యువకుడు రోల్ రైడా మొదలగువారు తమ వీధిభాషలోనే ర్యాప్ చెప్పుచున్నారు. రాగము పలుచన, అంత్యప్రాస గట్టిది. వేగము మా వయస్సునకు తగదు. కొన్ని పదములు మన చెవికి క్రొత్త. కాని తన వాడుకమాటను చూచి సిగ్గుపడని ధైర్యము మాకు నచ్చినది.

ఈ వరుసను చూచిన ఒక లోటు తెలియును. అన్నమయ్య తెలుగు దొరకినది, సభాభాష దొరకినది, హైదరాబాదు వీధి దొరకినది. తమిళము కలిసిన మన యింటి తెలుగు మాత్రము వీనిలో నెచ్చటను లేదు. మన అవ్వల జోలపాటలు, పెండ్లిపాటలు వారి గొంతులలోనే యున్నవి. నేడు ప్రతి మనుమని చేతి ఫోనును రికార్డు చేయగలదు. అవ్వను పాడుమనుడు, ఘంటసాలవారి పద్ధతినే ప్రతి పాటకును అర్థము చెప్పుమనుడు, పాట యే యూరిదో, యెవరు నేర్పినదో ఆమె నోటనే చెప్పించుడు. స్వరము తప్పినను ఫరవా లేదు. ఆ గొంతు ఆగిన పిదప ఎంతటి కంపెనీయు ఆ రికార్డును వెలువరింపజాలదు.