మర పోతే హెడ్డు పోయినట్టు కాదు

స్పార్క్ ప్లగ్గు బిగించే చోట మర పోయిందనగానే కారు యజమాని చెవిన పడే మొదటి మాట 'హెడ్డు మార్చాలి సార్' అని. పగుళ్లు లేని, వంకర పోని హెడ్డుని ఒక్క బొక్క కోసం తుక్కులో వేయడం నాకు మింగుడుపడదు. ఆ బొక్కకి మళ్లీ మర నిలబెట్టే పనితనం మన లేత్ షాపుల్లో ఏళ్ల తరబడి ఉంది. పద్ధతిగా చేస్తే ఆ కొత్త మర కంపెనీ వేసిన మర కంటే గట్టిగా ఉంటుంది కూడా.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజినుకి హెడ్డు పోత ఇనుముది. ప్లగ్గు కాస్త మొరటుగా బిగించినా ఓర్చుకునేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కి అల్యూమినియం హెడ్డు. ఇవాళ రోడ్డు మీదున్న పెట్రోల్ కార్లన్నీ ఇంచుమించు అలాంటి హెడ్డుతోనే తిరుగుతున్నాయి. అల్యూమినియం తేలిక, వేడిని త్వరగా వదిలేస్తుంది. కానీ మెత్తన. పైగా వేడికి ఉక్కు సాగేదానికి దాదాపు రెట్టింపు సాగుతుంది. ప్లగ్గు ఒళ్లు ఉక్కు, అది కూర్చునే గూడు అల్యూమినియం. ఇద్దరికీ తేడా వస్తే ఓడేది ఎప్పుడూ మెత్తనిదే.

మామూలు కారు ప్లగ్గు మర 14 మి.మీ. లావు, ఒక చుట్టుకీ మరో చుట్టుకీ 1.25 మి.మీ. దూరం. మర పొడుగు చాలా ఇంజిన్లలో 19 మి.మీ., అంటే పదిహేను చుట్లు. ఇంజిను పూర్తి బరువు లాగుతున్నప్పుడు సిలిండరులో మంట ఒత్తిడి 50 బార్ ఉందనుకున్నా, ఆ ప్లగ్గుని బయటికి నెట్టే బలం డెబ్బై అయిదు కిలోల పైమాటే. ఇంజిను 3000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే అది నిమిషానికి 1500 సార్లు వచ్చి తంతుంది. అంత బలాన్నీ ఆపేది ఆ పదిహేను చుట్లే. చుట్లు తక్కువైతే ఏమవుతుందో అమెరికాలో ఫోర్డ్ ట్రైటాన్ వీ8 యజమానులు చూశారు. తొలి రోజుల రెండు వాల్వుల హెడ్లలో ప్లగ్గుని పట్టుకున్నవి నాలుగు చుట్లే. ప్లగ్గులు ఊడి, కాయిల్‌ని కూడా వెంటబెట్టుకుని పైకి ఎగిరిపోయాయి.

మన దగ్గర మర చెడేది ఎక్కువగా చేతి తొందర వల్ల. ఇంజిను వేడిగా ఉండగానే పానా వేసి తిప్పితే, మెత్తబడి ఉన్న అల్యూమినియం చెక్కుకుని ప్లగ్గుతో పాటు వచ్చేస్తుంది. పొడుగు ఎక్కువైన తప్పు ప్లగ్గు వేస్తే దాని కొస మరలు మంటలోకి తేలి, బొగ్గు పేరుకుంటుంది. తీసేటప్పుడు ఆ బొగ్గే మరని గీకేస్తుంది. ఇరీడియం ప్లగ్గులు లక్ష కిలోమీటర్లు వస్తాయి కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ కదపరు. లోపల రెండు లోహాల మధ్య తుప్పు పట్టి అతుక్కుపోతాయి.

అన్నిటికంటే పెద్ద కారణం అడ్డమర, మొదటి చుట్టు సరిగ్గా పట్టకుండానే పానాతో బిగించేయడం. ఈ తరం కార్లలో ప్లగ్గు లోతైన గొట్టం అడుగున, కాయిల్ కింద కూర్చుంటుంది. కంటికి కనిపించదు. అందుకే మంచి మేస్త్రీ చేతి కింద కుర్రాడికి 'ముందు చేత్తో తిప్పురా, తర్వాతే పానా' అని పదే పదే చెబుతాడు. జానెడు రబ్బరు గొట్టం ముక్కని ప్లగ్గు పింగాణీకి తొడిగి, లోపలికి దించి, ముందు ఎడమకి తిప్పుతారు. మర కొసలు ఒకదాని మీది నుంచి ఒకటి జారి, టిక్కుమని చిన్న దెబ్బ వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. దారి సరైనదైతే ప్లగ్గు మెత్తగా దిగుతుంది. అడ్డం పడితే రబ్బరు గొట్టం ప్లగ్గు మీదే జారుతుంది తప్ప మరని విరిచే బలం దానికి లేదు. రెండు రూపాయల రబ్బరు ముక్క హెడ్డుని కాపాడుతుంది. ప్రతి షెడ్డులోనూ గోడకి వేలాడాల్సిన పనిముట్టు ఇది.

మర దెబ్బతిన్న ఇంజిను దాచుకోదు. చుఫ్ చుఫ్ అని ఊపిరి వదిలినట్టు చప్పుడు, పెట్రోలు వాసన, ఒక సిలిండరు కొట్టకపోవడం, ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తాయి. వీటిలో ఏది కనిపించినా బండి నడపకూడదు. వదులు ప్లగ్గు తన వేడిని హెడ్డుకి సరిగ్గా అందించలేక ఎర్రగా కాగుతుంది, మిగిలిన రెండు చుట్లనీ తినేస్తుంది.

వైద్యం గాయాన్ని బట్టి ఉండాలి. పై రెండు మూడు చుట్లే నలిగితే మర కోసే టాప్ దించనక్కర్లేదు. టాప్ లోహాన్ని కోస్తుంది, ఉన్న మరని కూడా సన్నం చేస్తుంది. దానికి బదులు మరని సర్దే ఛేజర్ చాలు. ఇందులో ఇంకో చక్కని సాధనం ఉంది. ముడుచుకుని లోపలికి దిగి, అడుగున విచ్చుకుని, లోపలి నుంచి బయటికి తిరుగుతూ వస్తుంది. అడుగు మరలు సాధారణంగా చెడకుండా ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకుని పైవాటిని సరిచేస్తుంది. నలిగిన మరకి నా ఓటు దీనికే.

చుట్లన్నీ ఊడిపోతే హెలికాయిల్ వేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు తీగని పలకలుగా సాగదీసి స్ప్రింగులా చుట్టిన మర ఇది. ముందు దాని కోసమే ప్రత్యేకంగా చేసిన టాప్‌తో బొక్కలో పెద్ద మర, 15.6 మి.మీ. దాకా కోస్తారు. తీగచుట్టని అందులోకి తిప్పి దించితే లోపల మళ్లీ అసలు 14 మి.మీ. మరే తయారవుతుంది. అల్యూమినియంలో పట్టు పెద్ద చుట్టుకొలత మీద పడుతుంది. ప్లగ్గు తీసి పెట్టే రాపిడిని స్టీలు భరిస్తుంది. తీగ కొంచెం కదులుతుంది కాబట్టి బరువు ఒకటి రెండు చుట్ల మీదే కాకుండా అన్నిటి మీదా పంచుకుంటుంది. ఇది అతుకుల బేరం అనుకునేవాళ్లు ఒక్కసారి విమానం వైపు చూడాలి. చిన్న విమానాలు నడిపే లైకమింగ్ ఇంజిన్ల అల్యూమినియం హెడ్లలో ప్లగ్గు బొక్కలకి ఫ్యాక్టరీలోనే హెలికాయిల్ వేసి పంపుతారు. ఆకాశంలో నమ్మిన పనిని నేల మీద అనుమానించనక్కర్లేదు.

అయితే ఈ పని ప్రాణం రెండింట్లో ఉంది: టాప్ నిటారుగా దిగడం, చెత్త లోపల పడకపోవడం. టాప్ ఏమాత్రం ఒరిగినా ప్లగ్గు ఒక పక్క ఆనుతుంది, రెండో పక్క గ్యాస్ తన్నుకొస్తుంది. అందుకే పాత బొక్కలో నడిచే ముక్కు ఉన్న టాప్ వాడాలి. టాప్ గాడుల నిండా గ్రీజు కూరి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, రెండు చుట్లకోసారి బయటికి తీసి తుడవాలి. గ్రీజులో అల్యూమినియం పొట్టు మిలమిలా మెరుస్తూ వస్తుంది. తుడిచిన గుడ్డలో ఎంత ఎక్కువ మెరుపు కనిపిస్తే సిలిండరులోకి అంత తక్కువ పోయినట్టు. చివర్లో సన్నని గొట్టంతో వాక్యూమ్ పెట్టి లోపల పీల్చి, ఇంజెక్టర్ల కనెక్షన్ తీసేసి, ప్లగ్గు లేకుండానే స్టార్టరు తిప్పి మిగిలింది బయటికి తన్నించాలి. వాల్వు సీటు మీద ఇరుక్కున్న ఒక్క పొట్టు ముక్క కంప్రెషన్ పోగొట్టడానికి చాలు. తీగచుట్ట తల ప్లగ్గు ఆనే సీటు కంటే కాస్త కిందికే ఉండాలి, అడుగు మంటలోకి పొడుచుకు రాకూడదు.

ఇక లేత్ షాపు పద్ధతి, బుష్ వేయడం. కిట్లు దొరకని కాలంలో మన ఊళ్లలో హెడ్లని బతికించింది ఇదే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇప్పటికీ టర్నర్లు దీన్ని సొంతంగా తయారుచేస్తారు. ఇత్తడి కడ్డీనో ఉక్కు కడ్డీనో చక్‌లో బిగించి, 12.8 మి.మీ. డ్రిల్లు వేసి, లోపల ప్లగ్గు మర, బయట 18 మి.మీ. మర కోసి, పైన చిన్న కాలరు వదులుతారు. అసలు పనితనం ఒక చిన్న విషయంలో కనబడుతుంది. మంచి టర్నరు లోపలి మర, బయటి మర రెండూ ఒకే బిగింపులో పూర్తి చేస్తాడు. మధ్యలో కడ్డీ తీసి తిప్పి బిగించడు. తిప్పితే రెండు మరల నడిమి గీత కలవదు, ప్లగ్గు ఒరుగుతుంది. ఇత్తడి వేడికి సాగే తీరులో అల్యూమినియానికి దగ్గర, వేడిని బాగా దాటిస్తుంది. ఉక్కు అరగదు. బుష్ దిగాక కాలరు అంచున రెండు మూడు చోట్ల సెంటర్ పంచ్‌తో కొడతారు, ప్లగ్గుతో పాటు బుష్ తిరిగి రాకుండా. ఫ్యాక్టరీలో తయారై వచ్చే ఉక్కు బుష్‌లూ ఇదే ఆలోచన. వాటి అడుగు మరలు బిగించేటప్పుడు విచ్చుకుని హెడ్డుని కరిచిపట్టుకుంటాయి. ప్లగ్గు తరచూ తీసే బండికి తీగచుట్ట కంటే బుష్షే మేలని నా అభిప్రాయం.

హెడ్డు విప్పాలా, బండి మీదే చేయాలా? బొక్క కంటికి కనబడి, సీటు చదునుగా ఉంటే బండి మీదే చేయవచ్చు. సీటు చెడినా, గొట్టం లోతుగా ఉండి టాప్ నిలువు తెలియకపోయినా, టర్బో ఇంజినైనా హెడ్డు విప్పడమే నయం. బొక్క పక్కగోడ చిట్లితే ఆర్గాన్ వెల్డింగుతో నింపి కొత్తగా బొక్క వేయాలి. ఆ వేడికి హెడ్డు ముఖం వంకరపోతుంది కాబట్టి తర్వాత ఫేసింగ్ తప్పదు.

పని అయ్యాక ప్లగ్గు మొదలు దగ్గర సబ్బునీళ్లు వేసి ఇంజిను నడిపించండి. బుడగ వస్తే పని కాలేదన్నమాటే. కొత్త ప్లగ్గుని చేత్తో ఆనేదాకా తిప్పి, వాషరున్న రకమైతే ఆపైన అర చుట్టు నుంచి ముప్పావుకి లోపే బిగించాలి. టార్క్ పానా ఉంటే 14 మి.మీ. ప్లగ్గుకి అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. ప్లగ్గు మరకి గ్రీజు పూస్తే పానా చూపే లెక్క తప్పి, తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

ఇంతటి పనితనానికి మనం ఇచ్చే కూలి హెడ్డు ఖరీదులో చిన్న ముక్క. టర్నరు కొడుకులు లేత్ ముట్టుకోవడం మానేస్తున్నారంటే అందులో మన బేరసారాల పాలు కూడా ఉంది. ఈసారి మర పోతే హెడ్డు మార్చమని చెప్పేముందు ఒక మంచి టర్నరుకి చూపించండి, అడిగిన కూలి ఇవ్వండి. ఏ సిలిండరుకి ఏం వేశారో సర్వీసు పుస్తకంలో రాయించండి. ప్లగ్గులు మార్పించే పని ఉంటే బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున ఇంజిను చల్లగా ఉండగా తీయమనండి.